మాత్రల కవరు విప్పకుండా వెన్నులో సూది వద్దు

నెలల తరబడి నడుము నొప్పితో అక్కడా ఇక్కడా చూపించుకుని, చివరికి పెద్దాసుపత్రిలో స్కానింగ్‌కి వచ్చే మనిషి వెంట సాధారణంగా రెండు కవర్లు ఉంటాయి. ఒకదాంట్లో పాత ఫిల్ములు, రిపోర్టులు. రెండోదాంట్లో మాత్రలు. సగం వాడిన స్ట్రిప్పులు, పేరున్న వైపు చిరిగిపోయిన ముక్కలు, ఆర్‌ఎంపీ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన రంగు గొట్టాలు. మొదటి కవరును అందరూ అడిగి తీసుకుంటారు. రెండోది వెంట వచ్చినవాళ్ల ఒళ్లోనే ఉండిపోతుంది. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "బీపీకి, షుగర్‌కి" అని జవాబు వస్తుంది. ఫారంలో అదే రాస్తారు. ఆ జవాబు అబద్ధం కాదు, కానీ సగమే.

వెన్నుకు కాంట్రాస్ట్, అంటే బొమ్మ స్పష్టంగా కనపడటానికి ఎక్కించే మందు, ఇచ్చి తీసే పరీక్షల్లో ఆ మిగతా సగమే ముఖ్యం.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. "డై ఎక్కించి స్కానింగ్" అని జనం ఒకే మాటతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు పరీక్షలు. ఎంఆర్‌ఐలో చేతి నరం ద్వారా గెడోలీనియం ఉన్న మందు ఇస్తారు. వెన్నులో క్షయ, గడ్డలు, ఆపరేషన్ అయ్యాక మళ్లీ నొప్పి వస్తే అది మచ్చ కణజాలమా, మళ్లీ జారిన డిస్కా అన్న సందేహం ఉన్నప్పుడు ఇది అవసరమవుతుంది. సీటీలో చేతి నరంలోకే అయోడిన్ ఉన్న మందు ఇస్తారు. మూడోది మైలోగ్రామ్. ఇందులో మందు రక్తంలోకి కాదు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి నేరుగా వెళ్తుంది. ఆ నీరే పైకి వెళ్లి మెదడు చుట్టూ తిరుగుతుంది. అందుకే మొదటి రెండింటికీ ఉన్న జాగ్రత్తల చీటీని తెచ్చి మూడోదానికి అతికిస్తే కుదరదు.

ఎంఆర్‌ఐ వచ్చాక మైలోగ్రామ్ తగ్గింది, పోలేదు. ఎంఆర్‌ఐకి పనికిరాని పేస్‌మేకర్ ఉన్నవారికి, వెన్నులో ఉన్న రాడ్లూ స్క్రూల వల్ల ఎంఆర్‌ఐ బొమ్మ చెదిరిపోయేవారికి, వెన్ను నీరు ఎక్కడినుంచి కారుతోందో వెతకాల్సినవారికి ఇప్పటికీ ఇదే దారి. బైకు ప్రమాదంలో భుజం లాగుకుపోయి చెయ్యి చచ్చుబడిన కుర్రాళ్లలో నరం వెన్నుపాము దగ్గరే ఊడిందా అన్నది తేల్చడానికి కూడా సీటీ మైలోగ్రామ్ చేస్తారు. నడుము దగ్గర మూడు, నాలుగు పూసల మధ్య, లేదా దానికి ఒక పూస పైన సన్నని సూది దింపుతారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే అయిపోతుంది. సూది దిగే చోట ఉండేవి నీటిలో తేలే నరాల పోగులే, వెన్నుపాము కాదు. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయి" అన్న భయానికి జవాబు ఇక్కడుంది. భయపడాల్సింది వేరే చోట.

అందులో మొదటిది సీసా. వెన్ను నీటిలోకి ఇవ్వదగ్గ అయోడిన్ మందులు కొన్నే ఉన్నాయి. ఐయోహెక్సాల్, ఐయోపమిడాల్ లాంటి నాన్ అయానిక్ (నీటిలో విద్యుదావేశమున్న అయాన్లుగా విడిపోని) రకాలు, అవి కూడా నిర్ణీత గాఢతల్లోనే. ఐయోహెక్సాల్‌లో 180, 240, 300 అని రాసి ఉన్నవి పెద్దవాళ్లకు వెన్నులో వాడవచ్చు. 350 అని ఉన్నది వాడకూడదు. ఈ అంకె ఒక్కో మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ ఉందో చెబుతుంది. మొత్తం అయోడిన్ సుమారు 3 గ్రాములు దాటకూడదు. మామూలు సీటీ స్కాన్‌లో 300 గాఢత ఉన్న మందు 100 మిల్లీలీటర్లు ఎక్కిస్తే 30 గ్రాముల అయోడిన్ శరీరంలోకి వెళ్తుంది. రక్తం తట్టుకునే దాంట్లో పదో వంతు దగ్గరే వెన్నుకు గీత గీశారన్నమాట.

ఇక డయాట్రైజోయేట్ లాంటి పాత అయానిక్ మందులు, మూత్రపిండాల ఎక్స్‌రేలకు వాడుతూ వచ్చినవి, పొరపాటున వెన్నులోకి వెళ్తే పరిస్థితి వేరు. కొన్ని గంటల్లోనే కాళ్లలో మొదలైన కండరాల బిగుతులు, కుదుపులు పైకి పాకి ఒళ్లంతా ఫిట్స్‌గా మారతాయి. కండరాలు చితికి కిడ్నీలు దెబ్బతింటాయి. ప్రాణాలు పోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. గెడోలీనియం కూడా అంతే. నరంలోకి సురక్షితంగా వెళ్లే మందే వెన్నులోకి వెళ్తే స్పృహ తప్పడం, ఫిట్స్, మరణం దాకా తీసుకెళ్లగలదు. ఈ పొరపాట్లు చేసేది చదువురాని మనుషులు కాదు. ఒకేలా ఉండే సీసాలు, ఒకే ట్రేలో రెండు సిరంజీలు, లేబుల్ లేని సిరంజి, మధ్యలో డ్యూటీ మారడం, ఇవి చాలు. మత్తు ఇంజెక్షన్ అనుకుని, రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సమిక్ ఆమ్లం ఆంప్యూల్ విరిచి వెన్నులోకి ఇచ్చిన పొరపాట్ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రత్యేకంగా హెచ్చరిక చేయాల్సి వచ్చింది. సూది దింపేముందు సీసా మీది పేరు, గాఢత ఇద్దరు మనుషులు పైకి చదివే పద్ధతికి పట్టేది పది సెకన్లు.

ఇప్పుడు మాత్రల సంగతి.

మైలోగ్రామ్ మందుల చరిత్రలో ప్రతి తరం మందూ ఒక్కో పాఠం వదిలి వెళ్లింది. 1920ల మొదట్లో ఫ్రాన్స్‌లో సికార్, ఫోరెస్టియే అనే వైద్యులు గసగసాల నూనెలో అయోడిన్ కలిపిన లిపియోడాల్‌ను వెన్నులోకి ఎక్కించి ఎక్స్‌రేలో చూశారు. 1940ల నుంచి వాడిన మరో నూనె మందు పాంటోపేక్, ఇంగ్లండులో దాని పేరు మయోడిల్. అది నీటిలో కరగదు కాబట్టి పరీక్ష అయ్యాక మళ్లీ సూదితో లాగెయ్యాలి. లోపల మిగిలిపోయినవారిలో కొందరికి ఏళ్ల తర్వాత నరాల పోగులు అతుక్కుపోయి తీరని నొప్పి మిగిలింది. 1970లలో స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్ ఆలోచనతో నార్వే కంపెనీ నీగార్డ్ తయారుచేసిన మెట్రిజమైడ్ వచ్చింది. నీటిలో కరుగుతుంది, శరీరమే బయటికి పంపేస్తుంది, లాగక్కర్లేదు. అయితే అది మెదడు దాకా పాకినప్పుడు కొందరికి అయోమయం, కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఫిట్స్ రావడానికి మెదడులో ఒక గట్టు ఉంటుందనుకుంటే, ఆ గట్టును తగ్గించే మందులు అప్పటికే వాడుతున్నవారిని జాగ్రత్తగా చూడాలన్న నియమం బలపడింది ఆ రోజుల్లోనే. 1980లలో ఐయోహెక్సాల్ వచ్చి మెట్రిజమైడ్‌ను పక్కకు నెట్టింది. మందు మారింది, నియమం మాత్రం కొత్త సీసాతో వచ్చే సూచనల కాగితం మీదికి ఎక్కింది.

ఆ కాగితం చెప్పేదేమిటంటే: ఫినోథయజీన్ జాతి మందులు, ట్రైసైక్లిక్ రకం డిప్రెషన్ మందులు, డిప్రెషన్‌కే వాడే ఎంఏఓ ఇన్‌హిబిటర్లు, మానసిక రోగాల మందులు, మెదడును ఉత్తేజపరిచే మందులు మైలోగ్రామ్‌కి కనీసం 48 గంటల ముందు ఆపాలి, అయ్యాక 24 గంటల దాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. పరీక్ష తర్వాత వాంతులైనా ఆ జాతి మందులు ఇవ్వకూడదు.

వినడానికి ఇది మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లే కొద్దిమందికి సంబంధించిన విషయంలా ఉంటుంది. మన దగ్గర మందుల షాపులో అమ్ముడయ్యే పద్ధతి తెలిస్తే అలా అనిపించదు. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే చేతిలో పెట్టే స్టెమెటిల్ ప్రోక్లోర్‌పెరజీన్, అది ఫినోథయజీనే. దురదకీ వాంతులకీ ఇచ్చే ఫెనర్గాన్ కూడా అదే జాతి. రాత్రిపూట వేసుకోమని 10 మిల్లీగ్రాముల చిన్న మాత్ర ఇస్తారు, రోగి దాన్ని "నరాల బిళ్ల" అంటాడు. అది ఎమిట్రిప్టిలిన్, ట్రైసైక్లిక్. కాలు లాగుతోందంటే రాసే ప్రీగాబలిన్ మాత్ర పేరు చివర "ఎన్‌టీ" అని రెండక్షరాలు ఉంటే, లోపల నార్‌ట్రిప్టిలిన్ కలిసి ఉందని అర్థం, అదీ ట్రైసైక్లికే. టెన్షన్, గాభరా అంటే ఇచ్చే ఫ్లూపెంటిక్సాల్, మెలిట్రాసెన్ జంట మాత్రలో ఒకటి మానసిక రోగాల మందు, రెండోది ట్రైసైక్లిక్. ఇక ఉదయం పరగడుపున వేసుకునే "గ్యాస్ గొట్టం". చాలా గొట్టాల్లో రాబిప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది కడుపును కదిలించడానికి ఇస్తారు గానీ, పుట్టుకతో మానసిక వ్యాధుల మందుల కుటుంబానికి చెందినదే. సీసా కాగితం పేరు పెట్టి చెప్పకపోయినా, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ ఫిట్స్ గట్టును తగ్గిస్తుందన్నది బాగా తెలిసిన విషయం. పారాసెటమాల్‌తో కలిపి అమ్మేటప్పుడు ట్రమడాల్ అన్న పేరు రోగికి కనపడదు కూడా.

ఒక్కసారి ఈ జాబితాను చూస్తే అర్థమవుతుంది. వెన్ను పరీక్షకు వచ్చేది ఎవరు? నడుము నొప్పి, కాలు లాగడం, తిమ్మిర్లు, నిద్ర పట్టకపోవడం, వాటివల్ల గ్యాస్ ఉన్నవాళ్లు. ఈ మాత్రలన్నీ రాసేది ఎవరికి? వాళ్లకే. అంటే ఏ మందులు పడనివని మైలోగ్రామ్ కాగితం అంటోందో, అవి ఒంట్లో ఉన్న మనిషే మైలోగ్రామ్ బల్ల మీదికి వస్తున్నాడు. "మానసిక సమస్యలకు మందులు వాడుతున్నారా?" అని అడిగితే అతను లేదనే అంటాడు, కొంచెం నొచ్చుకుంటాడు కూడా. "రాత్రి వేసుకునే బిళ్ల, గ్యాస్ బిళ్ల, కళ్లు తిరిగితే వేసుకునే బిళ్ల చూపించండి" అనాలి.

అయితే కనపడిన ప్రతిదాన్నీ ఆపించాలా? ఇక్కడ నియమాన్ని కూడా కొంచెం ప్రశ్నించాలి. మెట్రిజమైడ్ కాలంనాటి భయాన్ని ఐయోహెక్సాల్‌కి అంతే మోతాదులో వర్తింపజేయడం సరైనదేనా అని రేడియాలజిస్టులు ఇటీవలి ఏళ్లలో అడుగుతున్నారు. కొన్ని ఆసుపత్రులు ఆపించడం మానేశాయి కూడా. 48 గంటల లెక్క అన్ని మందులకూ అతకదు. ట్రమడాల్ ఒంట్లో సగమవడానికి ఆరు గంటలు చాలు, రెండు రోజులకు దాదాపు ఏమీ మిగలదు. డిప్రెషన్‌కి వాడే ఫ్లూవాక్సిటిన్ నుంచి ఒంట్లో పుట్టే పదార్థం సగమవడానికే వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. దాన్ని రెండు రోజులు ఆపితే కాగితం మీద టిక్కు పడుతుంది, ఒంట్లో మందు తగ్గదు.

ఆపడంలోనూ ప్రమాదం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతాం. తీవ్రమైన డిప్రెషన్‌తో ఉండి మందు మీద నిలదొక్కుకున్న మనిషికి ఆ మందును రాసిన డాక్టరుకు తెలియకుండా ఆపించడం చిన్న విషయం కాదు. ఫిట్స్ ఉన్న రోగి "స్కానింగ్ ముందు మందులన్నీ ఆపమన్నారు" అని ఫిట్స్ మాత్ర కూడా మానేసి వస్తే, ఏ ప్రమాదాన్ని తప్పించాలనుకున్నారో దాన్నే పిలిచినట్టవుతుంది. ఫిట్స్ మందులు ఒక్క పూట కూడా ఆపకూడదు. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్, నిద్రకు వాడే ఆల్‌ప్రజొలామ్, క్లోనజిపామ్ లాంటివి హఠాత్తుగా మానినా ఫిట్స్ వస్తాయి. రోజూ తాగే అలవాటున్న మనిషి ఆసుపత్రిలో చేరి రెండు రోజులు మందు ముట్టకపోతే వచ్చే ఫిట్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ సంగతి భార్యకు తెలుసు, ఫారంకి తెలియదు.

రక్తం పల్చబడే మందుల దగ్గర ఈ లాగులాట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సూది దారిలో, వెన్నుపాము పొరకు బయట సిరల గుత్తి ఉంది. అందులో ఒకటి చిట్లితే మామూలుగా దానంతట అదే మూసుకుంటుంది. రక్తం గడ్డకట్టని మనిషిలో అది కారుతూ, ఎముకల గొట్టంలో ఎటూ పోయే చోటు లేక నరాలను నొక్కేస్తుంది. అరుదు, కానీ వస్తే కాళ్లు పోతాయి. మత్తు వైద్యుల సంఘాలు వెన్ను సూదికి పెట్టిన లెక్కలు కఠినంగా ఉంటాయి. వార్ఫరిన్ ఐదు రోజుల ముందు ఆపి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) మామూలు స్థితికి వచ్చిందని చూడాలి. మన దగ్గర గుండె కవాటం మార్చినవారు ఎక్కువగా వాడే అసిట్రోమ్ కూడా ఇదే కుటుంబం, అదీ కొన్ని రోజుల ముందే ఆపి ఐఎన్‌ఆర్ చూడాల్సిందే. క్లోపిడోగ్రెల్ ఐదు నుంచి ఏడు రోజులు, రివరాక్సబాన్, అపిక్సబాన్ మూడు రోజులు ఆపాలి. ఇనాక్సపారిన్ ఇంజెక్షన్ అయితే మోతాదును బట్టి 12 లేదా 24 గంటలు. అమెరికా ఔషధ సంస్థ 2013లో ఈ చివరి లెక్కను ప్రత్యేకంగా ప్రకటించింది. ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే ఆపాల్సిన పని లేదు. కానీ గుండె రోగులకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మందు మూడూ ఒకే గొట్టంలో కలిపి ఇస్తున్నారు. "ఆస్పిరిన్ గొట్టం" అని రోగి చెప్పిన మాట నమ్మితే లోపలి క్లోపిడోగ్రెల్ అలాగే ఉండిపోతుంది.

అమెరికా ఇంటర్వెన్షనల్ రేడియాలజీ సంఘం 2019లో ఇదే వెన్ను సూదిని రక్తస్రావం ముప్పు తక్కువ ఉన్న పనుల్లో చేర్చింది. ఒకే సూదికి రెండు సంఘాలు, రెండు లెక్కలు. దీన్ని చూసి ఎవరిది తప్పని అడగడం కంటే, రోగిని చూడటం మేలు. మూడు నెలల కింద స్టెంట్ వేయించుకున్న మనిషికి క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంటులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. అలాంటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న మందు ఎన్ని రోజులు ఆపాలన్నది కాదు, ఈ మైలోగ్రామ్ ఇప్పుడే కావాలా అన్నది. మూడు నెలలు ఆగితే నష్టమేమీ లేని పరీక్షలు చాలా ఉంటాయి. ఆపమనే మాట స్టెంట్ వేసిన డాక్టరు నోటి నుంచి రావాలి, స్కానింగ్ సెంటరు ఫోన్లో రిసెప్షనిస్టు నోటి నుంచి కాదు.

కిడ్నీల విషయం ఎక్కువగా నరంలోకి ఇచ్చే కాంట్రాస్ట్‌కి సంబంధించింది. అందరూ భయపడేది షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ గురించి. నిజానికి ఆ మాత్రకీ డైకీ నేరుగా శత్రుత్వం లేదు. డై వల్ల కిడ్నీ దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ బయటికి పోలేక పేరుకుని రక్తంలో ఆమ్లం పెరుగుతుందన్నదే భయం. అందుకే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ లెక్కలో కిడ్నీ వడపోత రేటు 30కి పైన ఉండి కొత్తగా దెబ్బేమీ లేకపోతే ఆపక్కర్లేదు. అంతకన్నా తక్కువైతే పరీక్షప్పుడు ఆపి 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడి ఔషధ సంస్థ 2016లో ఇంకొంచెం జాగ్రత్తగా 30 నుంచి 60 మధ్య ఉన్నవారిని కూడా కలిపింది. మనవాళ్లకు అసలు ముప్పు మెట్‌ఫార్మిన్ కంటే నొప్పి మాత్రల్లో ఉంది. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ నెలల తరబడి, చీటీ లేకుండా, రోజుకు రెండేసి మింగిన కిడ్నీలు డై రాకముందే అలసిపోయి ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట షుగర్, బీపీ లేని రైతు కూలీలకే కిడ్నీలు పాడవుతున్నాయి. "షుగర్ లేదుగా, కిడ్నీ కోసం క్రియాటినిన్ రక్తపరీక్ష ఎందుకు" అన్న మాట అక్కడ చెల్లదు. బక్కపలచని ముసలివాళ్లలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపిస్తుంది. వయసు కలిపి వడపోత రేటు లెక్కిస్తేనే నిజం బయటపడుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఎంఆర్‌ఐలో పాత రకం గెడోలీనియం ఇస్తే చర్మం, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని 2006లో గుర్తించారు. ఇప్పుడు వాడే స్థిరమైన రకాలతో ఆ ముప్పు చాలా తక్కువ.

రొయ్యలు పడవని చెబితే డై ఇవ్వరన్నది పాత అపోహ. రొయ్యల అలర్జీ వాటిలోని ప్రొటీన్‌కి, అయోడిన్‌కి కాదు. ఇంతకుముందు డై ఎక్కించినప్పుడు దద్దుర్లో ఆయాసమో వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. వచ్చి ఉంటే ముందు రోజు నుంచే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. వాటితో పాటు ఇచ్చే అలర్జీ మందు మైలోగ్రామ్ రోగికి ఫెనర్గాన్ కాకుండా చూసుకోవాలి.

ఇంకో చిన్న విషయం, మాస్కు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2004లో మైలోగ్రామ్ తర్వాత మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చిన ఎనిమిది మందిని పరిశీలించింది. అందరిలో దొరికింది నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ క్రిమి రకాలే. సూది వేసినవారు మాస్కు వేసుకోలేదని తేలింది. 2007 నుంచి అక్కడ వెన్నులోకి మందు ఎక్కించేవారికి మాస్కు తప్పనిసరి జాగ్రత్తల్లో చేరింది. కోవిడ్ తర్వాత మనకు మాస్కు కొత్త కాదు, అది గడ్డం కింద ఉండటమే సమస్య.

పరీక్ష అయిపోయాక తల కొంచెం ఎత్తులో ఉంచి పడుకోబెడతారు. వెన్నులోని డై ఒక్కసారిగా మెదడు వైపు పోకుండా ఇది ఆపుతుంది. నీళ్లు బాగా తాగాలి. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వెన్ను నీరు కారడం వల్ల వచ్చేది. కొస మొద్దుగా, పెన్సిల్ ముక్కులా ఉండే సూది వాడితే అది తగ్గుతుంది. రోజంతా కదలకుండా పడుకోబెడితే తగ్గుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. వాంతులు వస్తే ఒండాన్‌సెట్రాన్ ఇవ్వవచ్చు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సు అలవాటు కొద్దీ స్టెమెటిల్ ఇంజెక్షన్ తీయకుండా ఉండాలంటే, ఏది ఇవ్వకూడదో కేస్ షీటు మీద పెద్దక్షరాలతో రాసి ఉండాలి. ఆపిన ప్రతి మందు పక్కనా మళ్లీ ఏ రోజు, ఏ పూట మొదలుపెట్టాలో కూడా అక్కడే రాయాలి. "ఆపమన్నారు, మళ్లీ వేసుకోమని ఎవరూ చెప్పలేదు" అని నెల రోజులు అసిట్రోమ్ లేకుండా ఉన్నవాళ్లకు గుండె కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

ఇంటికి పంపేటప్పుడు రోగికి, వెంట వచ్చినవాళ్లకు ఒక్క మాట విడిగా చెప్పాలి. సూది పోటు నొప్పి రోజురోజుకీ తగ్గాలి. అలా కాకుండా నడుములో నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, కాళ్లు బరువెక్కి మొద్దుబారినా, మూత్రం రాక కడుపు ఉబ్బినా, రక్తం గడ్డ నరాలను నొక్కుతుండవచ్చు. ఆపరేషన్ ఎనిమిది గంటల లోపు జరిగితే కాళ్లు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. తెల్లారాక చూద్దాంలే అని నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకూడదు. మాత్రల కవరు పట్టుకుని అప్పుడే ఆసుపత్రికి రావాలి.